తెరకూ ఆటకూ పొత్తు కుదిరేదెలా: రిఫ్రెష్ రేటు, ఎఫ్‌పీఎస్ లెక్కలు

తిరుపతి బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో అద్దె గదిలో ఉండే ఇంజినీరింగ్ కుర్రాడు నెలల తరబడి డబ్బు కూడబెట్టి, తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వెళ్లి, రిచీ స్ట్రీట్‌లో బేరమాడి 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ గీసే) మానిటర్ తెచ్చుకుంటాడు. డబ్బా విప్పి, పాత మానిటర్‌కున్న కేబులే దీనికీ తగిలించి ఆట మొదలుపెడతాడు. బొమ్మ పెద్దదైంది, రంగులు బాగున్నాయి. "ఏం మచ్చా, తేడా తెలుస్తోందా?" అని పక్కగది స్నేహితుడు అడిగితే "సూపర్ స్మూత్‌గా ఉంది రా" అంటాడు. ఆ తెర అప్పటికీ 60 దగ్గరే నడుస్తూ ఉండొచ్చు. ఖర్చు పెట్టామన్న తృప్తి కళ్లకు కూడా నచ్చజెప్పేస్తుంది.

ఇది అరుదైన పొరపాటేమీ కాదు. కొత్త మానిటర్ తగిలించినప్పుడు విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్‌నే ఎంచుకుని కూర్చుంటుంది. మనం వెళ్లి మార్చేదాకా అలాగే ఉంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసగా తెరిస్తే రిఫ్రెష్ రేటు ఎంచుకునే పెట్టె కనిపిస్తుంది. అక్కడ 144 ఎంచుకుంటే సగం సమస్య తీరుతుంది. కొన్ని మానిటర్లలో ఆ అంకె 143.9 అనీ, 60 బదులు 59.94 అనీ కనిపిస్తుంది. దాని గురించి కంగారు అక్కర్లేదు.

మిగతా సగం సమస్య తీరాలంటే రిఫ్రెష్ రేటు, ఫ్రేమ్ రేటు అనే రెండు అంకెలు వేరువేరని ముందు గుర్తించాలి. రిఫ్రెష్ రేటు మానిటర్ సొత్తు. సెకనుకు ఎన్నిసార్లు తెర మీది బొమ్మను కొత్తగా గీయగలదో అది చెబుతుంది. ఫ్రేమ్ రేటు, అంటే ఎఫ్‌పీఎస్ (ఫ్రేమ్స్ పర్ సెకండ్), గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కలిసి చేసే పని. సెకనుకు ఎన్ని బొమ్మలు తయారయ్యాయో అది చెబుతుంది. ఒకటి బస్సు అనుకుంటే ఇంకొకటి ప్రయాణికుడు.

బస్టాండు నుంచి తిరుమలకు వెళ్లే సప్తగిరి బస్సును ఊహించుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. టైం ప్రకారం బస్సు కదులుతుంది. 60 హెర్ట్జ్ మానిటర్ అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒక బస్సు. ఆ లోపు ఒక కొత్త బొమ్మ తయారైతే ఎక్కుతుంది. తయారు కాకపోతే బస్సు ఖాళీగా వెళ్తుంది, తెర మీద పాత బొమ్మే ఇంకొకసారి కనిపిస్తుంది. కార్డు సెకనుకు 200 బొమ్మలు చేసినా బస్సులు 60 మాత్రమే. తెర మూలన ఎఫ్‌పీఎస్ 200 అని చూపిస్తున్నా, నిండుగా కంటికి చేరేవి 60కి మించవు. అలాగే 144 హెర్ట్జ్ తెర ఉండి ఆట 45 ఎఫ్‌పీఎస్ దగ్గర ఈదులాడుతుంటే బస్సుల్లో చాలామటుకు ఖాళీ బస్సులే.

హెర్ట్జ్ అనగానే కరెంటు గుర్తొచ్చి, "మన కరెంటు 50 హెర్ట్జే కదా, మానిటర్ 144 ఎలా వస్తుంది?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. రెండింటికీ సంబంధం లేదు. గోడ ప్లగ్గులో వచ్చేది మానిటర్ అడాప్టర్‌లో డీసీగా మారిపోతుంది. తెర తన సొంత గడియారంతో నడుస్తుంది.

అంకెలు పెరిగే కొద్దీ లాభం తగ్గే తీరు కూడా తెలిస్తే కొనేటప్పుడు పనికొస్తుంది. 60 హెర్ట్జ్‌లో రెండు బొమ్మల మధ్య ఎడం 16.7 మిల్లీసెకన్లు. 75లో 13.3. 144లో 6.9. 240లో 4.2. 360లో 2.8. అంటే 60 నుంచి 144కు వెళ్తే ప్రతి బొమ్మకూ దాదాపు 10 మిల్లీసెకన్లు మిగులుతాయి. అక్కడి నుంచి 240కి వెళ్తే మిగిలేవి 3 లోపే. 240 నుంచి 360కి ఒకటిన్నర కూడా లేదు. కదిలే వస్తువు మసక కూడా ఇదే లెక్కలో తగ్గుతుంది. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో పరిగెత్తే శత్రువును కళ్లతో వెంబడిస్తే 60 హెర్ట్జ్‌లో 16 పిక్సెళ్ల మేర అలికినట్టు కనిపిస్తాడు. 120లో 8, 240లో 4. పోటీల్లో దిగేవాళ్లు 240 కోరుకోవడంలో అర్థముంది. హాస్టల్ గదిలో సాయంత్రం రెండు గంటలు ఆడేవాళ్లకు 60 నుంచి 144 దాకా చేసే ప్రయాణమే పెద్దది. ఆపైన పెట్టే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే మేలు.

కేబుల్ దగ్గర జరిగే తప్పులు

అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 144 అసలు కనిపించకపోతే తప్పు చాలావరకు వైరుదో, అది తగిలించిన చోటుదో అయ్యుంటుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, చెప్పుకోవడానికి సిగ్గుపడేది ఒకటుంది: హెచ్‌డీఎంఐ వైరును గ్రాఫిక్స్ కార్డుకు బదులు మదర్‌బోర్డుకు గుచ్చడం. సీపీయూ డబ్బా వెనక నిలువుగా ఉండే వరుస మదర్‌బోర్డుది, కింద అడ్డంగా ఉండే స్లాట్లు కార్డువి. పైన గుచ్చితే వేల రూపాయల కార్డు ఊరికే కూర్చుంటుంది, లేదా అది తయారుచేసిన బొమ్మ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా చుట్టు తిరిగి వస్తుంది.

తర్వాత వైరు రకం. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత మానిటర్లు, పాత కార్డుల్లో 1080పీ (ఫుల్ హెచ్‌డీ) దగ్గర 120 హెర్ట్జ్ వరకే సాధారణంగా దొరుకుతుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 అయితే 1080పీలో 144 సులువుగా మోస్తుంది, 4కేలో మాత్రం 60 దగ్గర ఆగుతుంది. 4కే 120 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి. డిస్‌ప్లేపోర్ట్ సంగతి తేలిక. 1.2 వెర్షనే 1440పీని 144 దగ్గర నడపగలదు. అందుకే రెండు పోర్టులూ ఉన్న మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ తగిలించడం మంచిది. కొన్ని చవక మానిటర్లలో హెచ్‌డీఎంఐ పోర్టుకు తక్కువ హద్దు, డిస్‌ప్లేపోర్ట్‌కు పూర్తి వేగం పెడతారు. మాన్యువల్ పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంటుంది, ఎవరూ చదవరు.

ఎన్విడియా కార్డుతో హెచ్‌డీఎంఐ వాడేవాళ్లకు ఇంకో చిక్కు. కంట్రోల్ ప్యానెల్‌లో రిజల్యూషన్ మార్చే చోట పైన టీవీలకు సంబంధించిన జాబితా, కింద పీసీ అని వేరే జాబితా ఉంటాయి. పైనున్న 1080పీ ఎంచుకుంటే 60 మాత్రమే కనిపించవచ్చు. కిందికి జారి పీసీ జాబితాలోని 1920 బై 1080 ఎంచుకుంటే 144 బయటపడుతుంది. విండోస్‌లో అంతా సరిచేశాక కూడా ఆటలోని వీడియో మెనూ ఒకసారి చూసుకోవాలి. ఫుల్‌స్క్రీన్‌లో ఆట తన సొంత రిఫ్రెష్ రేటు ఎంచుకుని మళ్లీ 60కి దించే సందర్భాలున్నాయి.

ఎల్‌ఈడీ టీవీని మానిటర్‌గా వాడేవాళ్లు డబ్బా మీది "మోషన్ రేట్ 240" లాంటి మాటలు నమ్మకూడదు. అది టీవీ తనలో తాను కల్పించే బొమ్మల లెక్క. అసలు ప్యానెల్ 60 అయ్యుండొచ్చు. అలాంటి టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయడం తప్పనిసరి. లేకపోతే మౌస్ కదిపాక బాణం తీరిగ్గా వస్తుంది.

బొమ్మ చిరగడం, ఆగడం

కార్డు తనకు తోచినప్పుడు బొమ్మ పంపిస్తే, మానిటర్ అప్పటికే పాత బొమ్మను సగం గీసి ఉండొచ్చు. అప్పుడు పై సగం పాతది, కింది సగం కొత్తది అవుతుంది. వేగంగా తిరిగినప్పుడు గోడలు, స్తంభాలు అడ్డంగా కోసినట్టు కనిపించేది ఇందువల్లే. దీన్నే టేరింగ్ అంటారు. బస్సు ముందు సీట్లలో ఒక కుటుంబం, వెనక సీట్లలో వేరే కుటుంబం కూర్చుని ఒకే కుటుంబమని చెప్పుకున్నట్టు ఉంటుంది.

దీనికి పాత మందు వీ-సింక్. బొమ్మ పూర్తిగా తయారై, బస్సు బయలుదేరే టైం వచ్చినప్పుడే ఎక్కనిస్తుంది. చిరుగు మాయమవుతుంది. కానీ రెండు నష్టాలు. మొదటిది, టైంకు ఒక్క మిల్లీసెకను ఆలస్యమైనా ఆ బొమ్మ తర్వాతి బస్సు దాకా ఆగాలి. 60 హెర్ట్జ్ తెర మీద కార్డు 55 బొమ్మలు చేయగలిగినా, రెండే బఫర్లున్న (తయారైన బొమ్మలు ఉంచే అరలు రెండే ఉన్న) వీ-సింక్‌లో ప్రతి బొమ్మా ఒక బస్సు తప్పించుకుని ఎఫ్‌పీఎస్ ఠపీమని 30కి పడిపోతుంది. ట్రిపుల్ బఫరింగ్ ఉన్న ఆటల్లో ఆ పడిపోవడం ఇంత ఘోరంగా ఉండదు గానీ కుదుపు ఉంటుంది. రెండో నష్టం మౌస్ బరువెక్కడం.

ఆ బరువు ఎక్కడి నుంచి వస్తుందో తిరుమల ఘాట్ రోడ్డు చెబుతుంది. కొండ మీద బయలుదేరేటప్పుడు టైం నమోదవుతుంది. నిర్ణీత సమయం కంటే ముందే కిందికి వస్తే జరిమానా. అందుకే తొందరపడి దిగిన డ్రైవర్లు చివరి మలుపుల దగ్గర బండి పక్కకు తీసి గడియారం చూసుకుంటూ నిలబడతారు. బ్రేకులు అరిగాయి, టైర్లు కాలాయి, చెక్‌పోస్టు దాటిన సమయం మాత్రం అదే. వీ-సింక్ కింద శక్తి ఎక్కువున్న కార్డు పరిస్థితి ఇదే. బొమ్మలు త్వరత్వరగా చేసి క్యూలో నిలబెడుతుంది. మీరు క్లిక్ చేసిన క్షణంలో తయారైన బొమ్మ ఆ క్యూ దాటి తెర మీదికి వచ్చేసరికి పాతబడుతుంది. శత్రువు ఉన్న చోట కాల్చినా తూటా ఆలస్యంగా వెళ్లినట్టు అనిపించేది అందుకే.

ఇక కొత్త మందు. తిరుపతిలో జీపులు, ట్యాక్సీలు టైం చూడవు. మనుషులు నిండగానే కదులుతాయి. అడాప్టివ్ సింక్ పద్ధతి అదే: బొమ్మ తయారు కాగానే మానిటర్ గీస్తుంది, తయారయ్యేదాకా ఆగుతుంది. ఎన్విడియా 2013లో జీ-సింక్ పేరుతో దీన్ని ప్రకటించింది. మానిటర్‌లో ప్రత్యేకమైన చిప్ పెట్టాల్సి రావడంతో ఖరీదు ఎక్కువైంది. 2014లో తెరల ప్రమాణాలు రూపొందించే వీసా (VESA) సంస్థ డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలోనే అడాప్టివ్ సింక్‌ను చేర్చింది. దాని మీద ఏఎండీ ఫ్రీసింక్ వచ్చింది, మానిటర్లు చవకయ్యాయి. 2019 జనవరిలో ఎన్విడియా కూడా దిగివచ్చి తన కార్డులు ఆ మానిటర్లతో పనిచేసేలా డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చింది. కాబట్టి ఫ్రీసింక్ అని రాసున్న మానిటర్ ఎన్విడియా కార్డుకు పనికిరాదని దుకాణంలో ఎవరైనా అంటే, ఆ మాట పాతబడిపోయిందని అర్థం. ఎన్విడియాతో డిస్‌ప్లేపోర్ట్ వైరు వాడితే చాలు, గొడవ ఉండదు.

జీపుకూ హద్దులున్నాయి. మానిటర్ స్పెసిఫికేషన్‌లో 48 నుంచి 144 అని రాసి ఉంటే ఆ మధ్యలోనే ఈ సర్దుబాటు జరుగుతుంది. ఎఫ్‌పీఎస్ 40కి పడితే, పై హద్దు కింది హద్దుకు రెండింతలైనా ఉన్న మానిటర్లలో డ్రైవర్ ఒక్కో బొమ్మను రెండుసార్లు పంపి 80 హెర్ట్జ్‌గా చూపిస్తుంది, కుదుపు తెలియదు. అదే 48 నుంచి 75 వరకే ఉన్న చవక మానిటర్‌లో ఈ సౌకర్యం రాదు. 48 కిందికి జారగానే పాత రోత మొదలవుతుంది. 75 హెర్ట్జ్ మానిటర్ కొనేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు. ఇంకో సంగతి: ఈ సర్దుబాటు మూడు చోట్ల ఆన్ కావాలి. మానిటర్ బటన్ల మెనూలో ఒకసారి, డ్రైవర్ ప్యానెల్‌లో ఒకసారి, కొన్ని ఆటల్లో ఇంకోసారి. మానిటర్ మెనూలో ఆఫ్‌లో ఉంటే డ్రైవర్‌లో ఆ ఎంపికే కనిపించదు. అది కనిపించక కార్డు పాడైందని సర్వీసుకు మోసుకెళ్లినవాళ్లున్నారు.

క్యాప్ ఎక్కడ పెట్టాలి

అసలు సంగతి ఇక్కడుంది. చాలామంది ఎఫ్‌పీఎస్ ఎంత పైకి పోతే అంత గొప్ప అనుకుంటారు. పైకి పోవడం కంటే నిలకడగా ఉండటం ముఖ్యం. అడాప్టివ్ సింక్ ఉన్న 144 తెర మీద ఆట 160, 170 తిరుగుతుంటే జీపు తన హద్దు దాటేసినట్టే. అప్పుడు మళ్లీ చిరుగైనా రావాలి, లేదా వీ-సింక్ క్యూ అయినా తగులుకోవాలి. అందుకని ఫ్రేమ్ రేటును తెర వేగానికి కాస్త కింద, 144కు 141 దగ్గర బిగించడం, అంటే క్యాప్ పెట్టడం, గేమర్లలో బాగా స్థిరపడిన పద్ధతి. మౌస్ ఆలస్యాన్ని తగ్గించే ఎన్విడియా రిఫ్లెక్స్ ఉన్న ఆటల్లో జీ-సింక్, వీ-సింక్ రెండూ ఆన్ చేసి ఉంచితే 144 తెర మీద ఆట తనంతట తానే 138 దగ్గర ఆగుతుంది. అది లోపం కాదు, అలా తయారుచేశారు. ఇక్కడ వీ-సింక్ డ్రైవర్‌లో ఆన్‌లో ఉన్నా హద్దు దాటని కాలం అది పని చేయదు. ఎప్పుడైనా దాటబోతే చిరుగు పడకుండా కాపలా కాస్తుంది, అంతే.

క్యాప్ పెట్టే చోట్లు మూడు. ఆటలోనే పెడితే మౌస్‌కు అన్నిటికంటే తక్కువ ఆలస్యం. సీఎస్ 2 (కౌంటర్ స్ట్రైక్ 2)లో కన్సోల్ తెరిచి ఎఫ్‌పీఎస్ మ్యాక్స్ ఆదేశంతో, వాలరెంట్‌లో వీడియో సెట్టింగ్‌లో పెట్టుకోవచ్చు. ఆటలో ఆ అవకాశం లేకపోతే డ్రైవర్‌లో పెట్టాలి, ఎన్విడియా 2020 నుంచి తన కంట్రోల్ ప్యానెల్‌లోనే ఇస్తోంది. మూడోది రివాట్యూనర్, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే చిన్న సాఫ్ట్‌వేర్. ఆలస్యం కొద్దిగా ఎక్కువైనా బొమ్మల మధ్య ఎడాన్ని సరిసమానంగా ఉంచడంలో దీనికి మంచి పేరుంది. కథల ఆటలకు ఇది, పోటీ ఆటలకు ఆటలోని క్యాప్. రెండు చోట్లా ఒకేసారి పెట్టి, రెండూ కొట్లాడుకుంటుంటే కుదుపు ఎందుకొస్తోందని వెతుక్కోవడం మాత్రం అనవసరపు టెన్షన్.

పోటీ ఆటల్లో క్యాప్ అస్సలు వద్దనే వాదన కూడా ఉంది. అందులో కొంత నిజముంది. 60 హెర్ట్జ్ తెర మీద వీ-సింక్ లేకుండా 200 ఎఫ్‌పీఎస్ నడిస్తే బొమ్మ చిరుగుతుంది గానీ, తెర మీద పడే ముక్క మరింత తాజాగా ఉంటుంది, గురి కాస్త ముందు దొరుకుతుంది. అందుకే అడాప్టివ్ సింక్ లేని మామూలు 60 తెర ఉన్నవాళ్లు వాలరెంట్, సీఎస్ లాంటివి వీ-సింక్ ఆఫ్ చేసి ఆడుకోవడమే మేలు. కానీ ఈ వాదనలో మరిచిపోయే ముక్క ఒకటుంది. కార్డు 99 శాతం బిజీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ ముందే పంపిన పనులు కార్డు ముందు క్యూ కడతాయి. ఆ క్యూ వల్ల 170 ఎఫ్‌పీఎస్ ఉన్నా మౌస్ 140 దగ్గర క్యాప్ చేసినప్పటి కంటే బరువుగా అనిపించవచ్చు. రిఫ్లెక్స్, ఏఎండీ యాంటీ-ల్యాగ్ చేసే పని ఆ క్యూ పెరగకుండా చూడటమే. ఆటలో రిఫ్లెక్స్ కనిపిస్తే ఆన్ చేసేయడంలో నష్టం లేదు.

అడాప్టివ్ సింక్ లేనివాళ్లు కథల ఆటలకు క్యాప్ పెట్టేటప్పుడు చిన్న భాగహారం చేయాలి. తెర వేగాన్ని నిశ్శేషంగా భాగించే అంకె కావాలి. 60 తెరకు 60 లేదా 30. 120కి 60, 40, 30. 144కు 72, 48, 36. 60 తెర మీద 45 క్యాప్ పెడితే కొన్ని బొమ్మలు ఒక బస్సులో, కొన్ని రెండు బస్సుల్లో పోయి నడక కుంటుతుంది. 45 కంటే 30 మెరుగ్గా అనిపించడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. 144 తెర మీద 60 క్యాప్ కూడా ఇలాగే కుంటుతుంది, 72 పెడితే తేరుకుంటుంది.

కొన్ని ఆటలకు సొంత పట్టింపులుంటాయి. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ 60 దాటదు, ఎంత పెద్ద కార్డు పెట్టినా. 2011 నాటి స్కైరిమ్‌లో వస్తువుల కదలిక లెక్కలు ఫ్రేమ్ రేటుకు ముడిపడి ఉండటం వల్ల 60 దాటిస్తే బల్ల మీది గిన్నెలు ఎగిరిపడతాయి. జీటీఏ 5 పాత వెర్షన్ 180 దాటాక తడబడుతుంది. ఇలాంటివాటికి క్యాప్ అలంకారం కాదు, అవసరం.

సగటు అంకె చెప్పే అబద్ధం

మూలన 90 ఎఫ్‌పీఎస్ అని కనిపిస్తూనే ఆట తట్టుకుంటూ నడిచిందంటే సగటు మోసం చేస్తోందని అర్థం. సెకనులో 89 బొమ్మలు చకచకా వచ్చి, ఒకే ఒక్కటి 100 మిల్లీసెకన్లు తీసుకున్నా అంకె 90 అనే చూపిస్తుంది. కంటికి తగిలేది మాత్రం ఆ ఒక్క కుదుపే. అందుకే ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో బొమ్మకు పట్టిన సమయం) గీత చూడాలి. గీత నున్నగా ఉంటే 70 అయినా హాయి. రంపంలా పళ్లు పళ్లుగా ఉంటే 120 అయినా చిరాకు. అలాగే 1 శాతం లో అనే అంకె, అంటే అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన బొమ్మల లెక్క, సగటుకు బాగా కింద ఉంటే గుట్టు అక్కడుంది.

కుదుపుకు కారణం వెతకడానికి ఒక సులువైన పరీక్ష: రిజల్యూషన్ తగ్గించి చూడటం. ఎఫ్‌పీఎస్ పెరిగితే భారం కార్డు మీద ఉంది. నీడలు, ప్రతిబింబాలు, రే ట్రేసింగ్ తగ్గిస్తే సరిపోతుంది. టెక్స్చర్లు వీడియో మెమరీకి సరిపడా ఉన్నంత వరకు తగ్గించనక్కర్లేదు. ఎఫ్‌పీఎస్ కదలకపోతే ప్రాసెసర్ దగ్గర ఇరుకుంది. అప్పుడు జనసందోహం, దూరపు దృశ్యాలకు సంబంధించిన సెట్టింగ్‌లు తగ్గించాలి. మన దగ్గర తక్కువ బడ్జెట్‌లో కట్టించే సిస్టమ్‌లలో మరో జబ్బు తరచూ కనిపిస్తుంది, ఒకే ర్యామ్ స్టిక్. తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చులే అని 16 జీబీది ఒకటే వేయిస్తారు. ఆ తర్వాత అనేది రాదు. 8 జీబీవి రెండు వేస్తే డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, వేగంగా నడుస్తాయి. కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకైతే ఈ తేడా మామూలుగా ఉండదు, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే.

ఫ్రేమ్ జనరేషన్ గురించి ఒక్క మాట. 2022లో ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ 3తో, తర్వాత ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 3తో వచ్చిన ఈ పద్ధతి రెండు అసలు బొమ్మల మధ్య ఒక కల్పిత బొమ్మ చొప్పిస్తుంది. అంకె దాదాపు రెట్టింపవుతుంది, కదలిక నున్నగా కనిపిస్తుంది. మౌస్ స్పందన మాత్రం అసలు బొమ్మల వేగంతోనే, ఇంకా చెప్పాలంటే కాస్త ఆలస్యంగానే ఉంటుంది. అసలు వేగం 60 ఉన్నప్పుడు వాడితే అందం. 30 ఉన్నప్పుడు వాడితే పాయసంలో చెయ్యి పెట్టి కలిపినట్టుంటుంది.

ల్యాగ్ అనే మాటను మాత్రం విడదీసి చూడాలి. ఎఫ్‌పీఎస్ 140 ఉండి, ఫ్రేమ్‌టైమ్ గీత నున్నగా ఉండి, అయినా శత్రువులు అక్కడి నుంచి ఇక్కడికి గెంతుతుంటే అది నెట్ సమస్య. సీఎస్ ఆడేవాళ్లకు చెన్నైలోనే సర్వర్ ఉంది, తిరుపతికి దగ్గరే. అయినా పింగ్ (సర్వర్‌కు వెళ్లి వచ్చే సమయం) వందల మిల్లీసెకన్లు చూపిస్తుంటే వైఫై బదులు ల్యాన్ వైరు గుచ్చి చూడాలి గానీ రిఫ్రెష్ రేటు మీద పడకూడదు.

మానిటర్ మెనూలోని ఓవర్‌డ్రైవ్ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పిక్సెల్ రంగు మార్చుకునే వేగాన్ని అది పెంచుతుంది. తక్కువలో ఉంటే కదిలే వస్తువు వెనక నీడ తోక కనిపిస్తుంది. ఎక్స్‌ట్రీమ్‌లో పెడితే తోక పోయి దాని స్థానంలో తెల్లటి అంచు మెరుస్తుంది. డబ్బా మీది "1 మిల్లీసెకను" సాధారణంగా ఆ ఎక్స్‌ట్రీమ్‌లో కొలిచిందే. మధ్య మెట్టు ఎంచుకోవడం మంచిది. వీఏ రకం ప్యానెళ్లలో చీకటి దృశ్యాల్లో కనిపించే నల్లటి మరక ఏ మెట్టులోనూ పూర్తిగా పోదు.

ఎండాకాలం లెక్క వేరు

చల్లటి ఏసీ గదుల్లో కూర్చుని రాసే సలహాల్లో కనిపించని విషయం ఎండ. మే నెలలో 40 డిగ్రీలు దాటడం తిరుపతికి, చిత్తూరు వైపు ఊళ్లకు మామూలే. పై అంతస్తు గదిలో స్లాబు వేడికి మధ్యాహ్నం ఫ్యాను కూడా వేడిగాలే విసురుతుంది. కార్డు చల్లబడేది ఆ గాలితోనే. చాలా ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి తమ వేగాన్ని తామే తగ్గించుకోవడం మొదలుపెడతాయి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 95, 100 దాకా పోయి ఆగుతాయి. మొదటి పావుగంట 130 వచ్చిన ఆట తర్వాత 90కీ 120కీ మధ్య ఊగుతుంటే వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయించుకోవడం కంటే ఉష్ణోగ్రత అంకె చూడటం తేలిక.

ఇలాంటి గదిలో క్యాప్ కంటే చవకైన కూలర్ లేదు. ఊగే 90-120 కంటే కదలని 90 కంటికి మెరుగు, కార్డుకు చల్లన. వేడి ఎంత తగ్గుతుందంటే, కార్డు తీసుకునే కరెంటు ఎంత తగ్గితే అంత. గ్రాఫిక్స్ కార్డు తాగే ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. ఉదాహరణకు క్యాప్ వల్ల 80 వాట్లు మిగిలాయనుకుంటే, రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 9.6 యూనిట్లు. ఎస్పీడీసీఎల్ కరెంటు బిల్లులో స్లాబు మారే అంచున ఉన్న ఇంటికి అది పట్టించుకోదగ్గ సంఖ్యే. ఆట మెనూ తెరలు ఇంకా దారుణం. ఏమీ జరగని లాబీలో కూడా కార్డు ఊపిరాడకుండా వందల ఫ్రేములు గీస్తూ ఉంటుంది. వాలరెంట్‌లో మెనూకి, వెనక్కి నెట్టిన విండోకి వేరువేరుగా క్యాప్ పెట్టుకునే వీలుంది, అక్కడ 30 చాలు.

కరెంటు పోయినప్పుడు కూడా ఇదే అంకె ఆదుకుంటుంది. ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లు. పూర్తి వేగంతో ఆడుతున్న గేమింగ్ సిస్టమ్, మానిటర్ కలిపి ఆ హద్దు దగ్గర ఉంటే కరెంటు పోగానే యూపీఎస్ కీచుమని ఒక్కసారి అరిచి సిస్టమ్‌ను ఆపేస్తుంది, ర్యాంక్ మ్యాచ్ మధ్యలో. క్యాప్ పెట్టుకుని లోడు తగ్గించుకున్నవాడికి ఆట సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునే నాలుగైదు నిమిషాలు దొరకొచ్చు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది గనక ఆగిపోదు, కానీ చార్జర్ పీకగానే ఎన్విడియా బ్యాటరీ బూస్ట్ ఆటను 30 దగ్గర బిగించడం, కొన్ని ల్యాప్‌టాప్‌లలో తెర కూడా 60కి దిగడం జరుగుతుంది. కరెంటు తిరిగొచ్చాక తెర ఒక్కోసారి 60లోనే ఉండిపోతుంది, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే మళ్లీ తెరిచి చూసుకోవాలి.

క్యాప్‌ను కాలాన్ని బట్టి మార్చుకోవడం తిరుపతిలో ఆడేవాళ్లకు అలవాటు కావాల్సిన పని. డిసెంబరు రాత్రి కొండగాలి వీస్తున్నప్పుడు 138 హాయిగా నిలబడుతుంది. మే మధ్యాహ్నం రెండు గంటలకు అదే ఆటను 90కి దించి, డబ్బా పక్క మూత దుమ్ము దులిపి, కిటికీకి కాస్త దూరం జరిపి ఆడితే కార్డు ఫ్యాను మోత తగ్గి పక్కగదిలో చదువుకునేవాడు కూడా తలుపు కొట్టడం మానేస్తాడు.